మొదటి ఉద్యోగం: ఉండాలా, మానాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటో తారీఖుకల్లా జీతం పడుతుంది. ఆఫీసులో ఎవరూ పెద్దగా ఏమీ అనరు. అయినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఏదో వెలితి. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఫైనాన్స్ బ్రాంచిలో, పెనుకొండ వైపు విడిభాగాల ఫ్యాక్టరీలో, ఎర్రగుంట్ల సిమెంటు ప్లాంటులో, ప్రైవేటు స్కూల్లో, సచివాలయంలో మొదటి ఉద్యోగం చేస్తున్నవాళ్ల కోసం ఈ పేజీ. ఇక్కడి జీతాల లెక్కలు ఉదాహరణకే. మీ పే స్లిప్, అపాయింట్‌మెంట్ లెటర్ పక్కన పెట్టుకుని చదవండి.

జీతం సరిగ్గానే వస్తోంది, పని మాత్రం నచ్చట్లేదు. మానేయనా?

ముందు నచ్చనిది ఏదో తేల్చుకోండి. పనా, పైనున్న మనిషా, డబ్బా, ఊరా? నాలుగింటికీ మందు వేరు. "ఉద్యోగం బాగోలేదు" అనే ఒక్క మాటలో నాలుగూ కలిసిపోతాయి, అక్కడే తప్పు జరుగుతుంది.

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని 20 పనిదినాలు రోజూ రాత్రి ఒకే లైను రాయండి. ఆ రోజు మిమ్మల్ని ఎక్కువగా తినేసింది ఏమిటి, ఎన్ని గంటలకు, చివర ఒక్క మాటలో ఏ ఖాతా. ఇలా ఉంటుంది: "11.30 నుంచి 1.15, అదే ఎక్సెల్ షీటు మూడోసారి. పని." "సాయంత్రం 4.40, కస్టమర్ల ముందే కసురుకున్నాడు. మనిషి." "పెట్రోలుకు అన్నను అడగాల్సి వచ్చింది. డబ్బు." నెల చివర ఏ ఖాతాలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. చాలామంది పని అనుకుని మొదలుపెడతారు, పుస్తకంలో మాత్రం మనిషి ఎక్కువగా తేలుతుంది.

మనిషి ఎక్కువగా ఉంటే కంపెనీ మారే ముందు బ్రాంచి గానీ షిఫ్టు గానీ మార్చమని రాతపూర్వకంగా అడగండి. మేనేజర్లు కూడా బదిలీ అవుతారు, కొన్ని చోట్ల మీకంటే ముందే. ఊరు ఎక్కువైతే ట్రాన్స్‌ఫర్. డబ్బు అయితే కింద బెంగళూరు లెక్క చూడండి. పని ఎక్కువైతే మాత్రం అదే పనికి ఇంకో కంపెనీలో చేరడం వల్ల ఒరిగేదేమీ లేదు. రికవరీ పని పడనివాడు ఇంకో ఫైనాన్స్ కంపెనీలో రికవరీకే చేరితే ఆరు నెలల కొత్తదనం తర్వాత మళ్లీ మొదటికే వస్తాడు. అలాంటప్పుడు ముందు వేరే పని నేర్చుకోవాలి, రాజీనామా తర్వాత.

ఇంత లెక్క చూడకుండా వెంటనే మానేయాల్సిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. వరుసగా రెండు నెలలు జీతం పడకపోతే, పే స్లిప్‌లో పీఎఫ్ కోసి పాస్‌బుక్‌లో జమ చేయకపోతే, కస్టమర్ బదులు సంతకం పెట్టమంటే, లేని స్టాకు ఉన్నట్టు రాయమంటే ఆగకండి. రేపు కేసు అయితే ఆ కాగితం మీద ఉండేది మీ చేతిరాత. ఆడవాళ్లపై లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. మానేశాక కూడా ఆ గడువు లోపల ఇవ్వొచ్చు.

అనంతపురంలో 25,000 జీతం. బెంగళూరులో 5 లక్షల 40 వేల ప్యాకేజీ ఇస్తామంటున్నారు. వెళ్లొచ్చా?

ప్యాకేజీని పన్నెండుతో భాగించి 45,000 అనుకోవడం దగ్గరే అందరూ బోల్తా పడతారు.

ఇక్కడి లెక్క ముందు. గ్రాస్, అంటే కోతలకు ముందు మొత్తం జీతం 25,000, అందులో బేసిక్, అంటే మూల వేతనం 12,500. పీఎఫ్ 12 శాతం అంటే 1,500, వృత్తి పన్ను 200 పోతే చేతికి 23,300. ఇంట్లోనే ఉంటూ ఇంటికి 10,000, పెట్రోలుకు 2,000, సొంత ఖర్చు 3,800. మిగిలేది 7,500.

ఇప్పుడు ఆఫర్ లెటర్‌లో చివరి పేజీ, జీతం విడదీసి చూపే పట్టిక చూడండి. 5,40,000లో వేరియబుల్ 10 శాతం ఉందనుకుందాం, 54,000. అది ఏడాది చివర, పనితీరు చూసి ఇచ్చేది, పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. కంపెనీ వాటా పీఎఫ్ నెలకు 15,000 మీదే 12 శాతం కడితే ఏడాదికి 21,600. గ్రాట్యుటీ (ఐదేళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, బేసిక్ ప్యాకేజీలో సగం అనుకుంటే సుమారు 13,000. గ్రూప్ ఇన్సూరెన్స్ 6,000. ఇవన్నీ తీసేస్తే 4,45,400, నెలకు సుమారు 37,100. మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 35,100.

ఖర్చులు: ఇంటికి అదే 10,000. భోజనంతో పీజీ 9,500. బస్సు, మెట్రో 2,500. పీజీలో వండని పూటలు, టీలు, టిఫిన్లు 2,500. నెలకు రెండుసార్లు ఊరికి రానుపోను 2,000. సొంత ఖర్చు 3,800. మొత్తం 30,300. మిగిలేది 4,800. ఇంటి దగ్గర మిగిలినదాని కంటే 2,700 తక్కువ. మొదటి నెలలో పీజీ అడ్వాన్సు, పరుపు, బకెట్టు, ఆఫీసు బట్టలు అని కనీసం 20,000 చేతిలో ఉండాలి, అది ఈ లెక్కలో లేదు.

ఇదే ఖర్చుకు ఇక్కడి 7,500 అక్కడా మిగలాలంటే ప్యాకేజీ 5 లక్షల 80 వేల దగ్గర ఉండాలి. కాబట్టి డబ్బు కోసమే అయితే ఈ ఆఫర్‌కు వెళ్లొద్దు, లేదా వేరియబుల్ తగ్గించి ఫిక్స్‌డ్ పెంచమని అడగండి. అడిగితే ఆఫర్ పోతుందన్న భయం చాలావరకు ఉత్తదే. పని కోసమైతే సంగతి వేరు. రెండేళ్లలో జీతాన్ని నిజంగా పెంచే పని దొరుకుతుంటే నెలకు 2,700 నష్టం ట్యూషన్ ఫీజు కింద రాసుకోవచ్చు. కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లూ ఇదే పట్టిక వేసుకోండి. వరుసలు మారవు, అంకెలు మారతాయి.

ఇంటర్వ్యూలకు సెలవు ఎట్ల?

మొదటి రౌండ్లు దాదాపు అన్నీ ఆన్‌లైన్‌లోనే. ఉదయం 8.30కో సాయంత్రం 6.30 తర్వాతో పెట్టమని అడిగితే తరచుగా ఒప్పుకుంటారు. చివరి రౌండ్‌కే ఊరు దాటాలి. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇంటర్వ్యూ రోజు పొద్దున బయల్దేరితే నగరం అంచులో ట్రాఫిక్ మింగేస్తుంది, ముందురోజు రాత్రే చేరుకోండి. ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి బస్టాండులో కొలీగ్ కంటపడటం ఈ ఊళ్లలో చాలా తేలిక. "సొంత పని" అని పెట్టుకుంటే అబద్ధమూ ఉండదు, ఇబ్బందీ ఉండదు.

చేతిలో ఆఫర్ లేకుండా మానేసి, కోర్సు చేసి వెతుక్కోవచ్చా?

చేయొచ్చు, కానీ ముందు అంకె చూడండి. ఇంటికి 10,000, సొంత ఖర్చు, పెట్రోలు కలిపి 5,000, సొంత హెల్త్ పాలసీకి నెలకు 1,000. మొత్తం 16,000. కోర్సుకు ఐదు నెలలు, వెతకడానికి నాలుగు అనుకుంటే తొమ్మిది నెలలకు 1,44,000. కోర్సు ఫీజు 30,000, అనుకోని ఖర్చుకు 25,000. దాదాపు రెండు లక్షలు. నెలకు 7,500 మిగిలేవాడికి ఆ రెండు లక్షలు కూడటానికి రెండేళ్లు దాటుతుంది. అందుకే మా సలహా ఎక్కువమందికి ఒకటే: ఉద్యోగంలో ఉంటూ రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు, మూడు నెలలు ఆ కొత్త పని నేర్చుకుని చూడండి. మూడు నెలలైనా ఆ రెండు గంటలు కుదరకపోతే కారణం ఆఫీసు అలసటా, లేక ఆ పని మీద నిజంగా మనసు లేకపోవడమా అనేది నిజాయితీగా చూసుకోవాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఖాళీ దొరికితే అన్నీ చదివేస్తామన్నది పెద్ద భ్రమ. మానేసిన మొదటి మూడు వారాలు నిద్రకే పోతాయి.

డబ్బు ఉండి మానేస్తే ఒక ఎర్ర గీత గీసుకోండి. ఖాతాలో మూడు నెలల ఖర్చు, అత్యవసరం డబ్బు మాత్రమే మిగిలిన రోజు, పై లెక్కలో 73,000, మంచి ఉద్యోగం కోసం ఆగడం మానేసి దొరికినదానికి దరఖాస్తు చేయడం మొదలుపెట్టాలి. ఆ గీత దాటాక అప్పు చేసి వెతికేవాళ్లు ఎంత తక్కువ జీతానికైనా తలూపుతారు.

యూపీఎస్సీ, బ్యాంకు పరీక్షల కోసం మానేయొచ్చా?

వయసు, ప్రయత్నాల లెక్క ముందు. సివిల్స్‌కు జనరల్ వాళ్లకు 32 ఏళ్లు, 6 ప్రయత్నాలు. ఓబీసీకి 35, 9 ప్రయత్నాలు. ఎస్సీ, ఎస్టీలకు 37, ఆ లోపు ప్రయత్నాలకు పరిమితి లేదు. బ్యాంకు పీఓకు (ప్రొబేషనరీ ఆఫీసర్) జనరల్ వాళ్లకు 20 నుంచి 30, ఎస్‌బీఐకి మాత్రం 21 నుంచి. గేట్ పరీక్షకు వయసు పరిమితి లేదు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి గేట్ కోసం ఉద్యోగం మానడం తొందరపాటు. బ్యాంకు ప్రిలిమ్స్ కూడా ఉద్యోగం చేస్తూ రాయదగినదే. ఇప్పటిదాకా ఒక్క ప్రిలిమ్స్ కూడా కటాఫ్ దాటకుండా ఉద్యోగం మానకండి. దాటి, మెయిన్స్‌కు టైము చాలక పోతుంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

సచివాలయంలో చేస్తున్నాను. వేరే ప్రభుత్వ ఉద్యోగం వస్తే రాజీనామా చేసి వెళ్లిపోతే సరిపోతుందా?

సరిపోదు. దరఖాస్తు చేసేటప్పుడే పై అధికారికి తెలిపి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. ఎంపికయ్యాక "ఫలానా పోస్టులో చేరేందుకు" అని స్పష్టంగా రాసి టెక్నికల్ రిజిగ్నేషన్ ఇవ్వాలి. మామూలు రాజీనామా ఇస్తే పాత సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. ఎన్‌ఓసీ లేకుండా పరీక్ష రాసి, సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లే ఎక్కువ. పెన్షన్ ప్రాన్ నంబరు మాత్రం అదే కొనసాగుతుంది, కొత్తది తీయించకండి.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

"నెలనెలా వచ్చేది వదులుకుని ఎట్ల బతుకుతావు రా?" అని నాయన అంటే అది మొండితనం కాదు. వాన పడక వేరుశనగ పెట్టుబడి కూడా తిరిగి రాని ఏళ్లు, మూడు బోర్లు వేసి మూడూ ఎండిన ఏళ్లు చూసిన ఇల్లు అది. ఒకటో తారీఖున తప్పకుండా పడే డబ్బు అంటే వాళ్లకు అర్థం వేరు. దానికి జవాబుగా "నా మనసుకు నచ్చట్లేదు" అంటే మాట అక్కడే ఆగిపోతుంది.

కాగితం మీద మూడు సంగతులు రాసుకుని కూర్చోండి: ఇంటికిచ్చే డబ్బు ఏ నెల దాకా, అది ఎక్కడుంది, కుదరకపోతే ఏ తారీఖున ఏం చేస్తారు. "నాయనా, ఇంటికిచ్చే పదివేలు వచ్చే ఫిబ్రవరి దాకా సరిపడా బ్యాంకులో వేరేగా పెట్టినా. అంతలోపల కుదరలేదంటే మార్చిలో ఇక్కడే ఏదో ఒకదాంట్లో చేరతా." పాస్‌బుక్ చేతికివ్వండి. అమ్మకు ముందు చెప్పి నాయనకు అమ్మతో చెప్పించే పద్ధతి ఒక్కోసారి పనిచేస్తుంది, కానీ లెక్క మాత్రం మీ నోటితోనే చెప్పాలి.

పెళ్లి సంబంధాలు చూస్తుంటే మారే సంగతి అవతలి వాళ్లకు ముందే చెప్పించండి. నిశ్చితార్థం అయ్యాక తెలిస్తే వచ్చే గొడవ ఉద్యోగం గురించి ఉండదు, దాచడం గురించి ఉంటుంది.

నోటీసు పీరియడ్ 90 రోజులు. కొత్త కంపెనీ 45 రోజుల్లో రమ్మంటోంది.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు బదులు కట్టే డబ్బు బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది చూడండి. 45 రోజుల తక్కువకు, బేసిక్ 12,500 అయితే 18,750. గ్రాస్ 25,000 మీద అయితే 37,500. ఒక్క పదానికి సరిగ్గా రెట్టింపు. మిగిలిన ఎర్న్‌డ్ లీవులను అందులో సర్దుబాటు చేయమని అడగండి. కొత్త కంపెనీ ఆ డబ్బు ఇస్తానంటే ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. "బై అవుట్‌కు (డబ్బు కట్టి నోటీసు తగ్గించుకోవడానికి) యాజమాన్యం ఒప్పుకుంటేనే" అని ఉంటే డబ్బు కట్టినా వాళ్లు ఆపొచ్చు, కాబట్టి కొత్త చోట చేరే తేదీ ఇచ్చే ముందే పాతచోట అడగాలి.

జీతం పడిన మర్నాడు ఫోన్ స్విచాఫ్ చేసి మాయమవడం మాత్రం వద్దు. రిలీవింగ్ లెటర్ రాదు, రికార్డులో "అబ్‌స్కాండెడ్" (చెప్పకుండా పోయాడు) అని పడుతుంది, తర్వాత వెరిఫికేషన్‌లో అదే బయటికొస్తుంది.

బాండ్ రాశాను. రెండు లక్షలు కట్టాల్సిందేనా?

కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మానేశాక వేరే చోట పనిచేయొద్దు అనే షరతు చెల్లదు. కానీ "ఇన్నేళ్లు పనిచేస్తాను, లేకపోతే ఇంత కడతాను" అనేది వేరు. విజయా బ్యాంకు కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు మూడేళ్లలోపు మానేసిన అధికారి రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ప్రభుత్వ బ్యాంకు నియామకానికి పెద్ద ఎత్తున ఖర్చవుతుందన్నది ఒక కారణం. శిక్షణ ఏమీ ఇవ్వకుండా రాయించుకున్న చిన్న కంపెనీ బాండ్ అంత బలంగా నిలబడదు, అయినా వకీలుకు కాగితం చూపించకుండా తెగించకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ప్రైవేటు స్కూళ్లు, కాలేజీల్లో ఇది ఇంకా నడుస్తోంది. ఇచ్చేసి ఉంటే వెనక్కి ఇవ్వమని ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఇంకో తొమ్మిది నెలలు ఉంటే గ్రాట్యుటీ వస్తుంది. ఆగాలా?

ఐదేళ్లకు లెక్క: చివరి బేసిక్‌ను (డీఏ ఉంటే కలిపి) 26తో భాగించి, 15తో, ఏళ్లతో గుణించాలి. బేసిక్ 18,000 అయితే 51,923. తొమ్మిది నెలలు ఆగడానికి ఇది నెలకు సుమారు 5,770 అన్నమాట. కొత్త చోట ఖర్చులు పోను ఇక్కడ మిగిలేదానికి పైన నెలకు అంతకుమించి మిగిలితే ఆగడం నష్టం. మిగలకపోతే ఆగండి. ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంతకాలానికని ఒప్పందం మీద తీసుకున్న) వాళ్లకు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కింద ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు ఉంది. అప్రెంటిస్‌గా చేసిన కాలం దీనిలోకి రాదు.

పీఎఫ్ తీసేసుకోవచ్చా?

ట్రాన్స్‌ఫర్ చేసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీసుకుంటే పన్ను పడుతుంది. ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత ఏళ్లు కలుస్తాయి, పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల లెక్కలోనూ కలుస్తాయి. యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఒక్కటే ఉండాలి, కొత్త కంపెనీలో చేరేటప్పుడు "లేదు" అని టిక్ పెట్టకండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా పేరు. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో హెచ్‌ఆర్ తోచినట్టు కొట్టి ఉంటాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు సరిచేయించడం తేలిక, మానేశాక ఆ హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడు. రాజీనామాకు రెండు నెలల ముందే చూసుకోండి.

కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటున్నారు.

వద్దు. మీ పీఎఫ్ ఖాతాలో సర్వీస్ హిస్టరీ ఉంటుంది: ఏ కంపెనీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. అనంతపురంలో పనిచేస్తున్న తేదీల్లోనే హైదరాబాద్ కంపెనీలో పనిచేసినట్టు కాగితం చూపిస్తే వెరిఫికేషన్‌లో రెండూ పక్కపక్కన కనబడతాయి. చేరిన ఆరు నెలలకు కూడా తీసేస్తారు. కట్టిన డబ్బూ తిరిగి రాదు.

మానేశాక ఆసుపత్రి ఖర్చు?

కంపెనీ గ్రూప్ పాలసీ చివరి పనిరోజుతో ఆగిపోతుంది, అందులో అమ్మానాన్నలు ఉంటే వాళ్లదీ ఆగుతుంది. కొత్తగా తీసుకునే పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వర్తించదు, ముందే ఉన్న షుగర్, బీపీకి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. కాబట్టి రాజీనామాకు ముందే తీసుకోండి, లేదా గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా అని అడగండి. గ్రాస్ 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) కట్టినవాళ్లకు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన వాటాకు వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజనం ఉంటుంది. మానేశామని కార్డు పారేయకండి.

రాజీనామా ఇవ్వగానే జీతం పెంచుతాం ఉండమంటున్నారు.

నోటు పుస్తకం తీయండి. డబ్బు ఖాతా ఎక్కువగా ఉంటే, పెంపు ఎంతో, ఏ నెల నుంచో లెటర్ ఇస్తే ఉండొచ్చు. పని ఖాతా ఎక్కువగా ఉంటే ఉండొద్దు.

చివరి రోజు ఏమేం తీసుకోవాలి?

రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి మూడు కాదు, అన్ని నెలల పే స్లిప్‌లు. కంపెనీ మెయిల్ ఆగిపోయేలోపే సొంత మెయిల్‌కు పంపుకోండి, కానీ కస్టమర్ల డేటా మాత్రం పంపుకోకండి. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, తాళాలు ఇచ్చినట్టు సంతకంతో రసీదు. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ల బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. నెల, నెలన్నర లాగే చోట్లు ఇంకా ఉన్నాయి, ఆ నెల ఇంటి ఖర్చు వేరేగా ఉంచుకోండి.

ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే పాత చోట వచ్చిన జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. ఇవ్వకపోతే రెండు చోట్లా కొత్త పన్ను విధానంలోని స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందు జీతంలోంచి తీసేసే మొత్తం) 75,000 విడివిడిగా లెక్కేసి పన్ను తక్కువ కోస్తారు, రిటర్న్ వేసేటప్పుడు మొత్తం ఒకేసారి కట్టాల్సి వస్తుంది.

రెండు నెలలు గడిచాక పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ పడిందో లేదో చూడండి. కంపెనీ వేయకపోతే చివరి జమ తర్వాత రెండు నెలలు దాటాక మీరే ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీనే వేయండి. ఒకసారి వేశాక మార్చుకోవడం పెద్ద పని.